భారీ సైన్స్ ఫిక్షన్ సినిమా థియేటర్‌లో చూడాలా, ఓటీటీకి వచ్చేదాకా ఆగాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త సైన్స్ ఫిక్షన్ సినిమా ట్రైలర్ వచ్చిందంటే చాలు, అదే వాదన మళ్లీ మొదలవుతుంది. "ఇది పెద్ద తెర మీదే చూడాలి" అని ఒకరంటారు. "నెల ఆగితే ఇంట్లోకే వస్తుంది కదా" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. కాకపోతే ఇద్దరూ స్క్రీన్ సైజు దగ్గరే ఆగిపోతారు. సినిమా థియేటర్ నుంచి ఓటీటీకి ఎన్నాళ్లకు వస్తుందన్నదే ఈ మొత్తం గొడవలో ముఖ్యమైన సంగతి. కింది జవాబుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఈ గొడవ ఎప్పుడు మొదలైంది?

వీడియో క్యాసెట్ల కాలం నుంచీ ఏదో ఒక రూపంలో ఉన్నదే. సైన్స్ ఫిక్షన్ వరకు చూస్తే 2018 ఫిబ్రవరిలో రెండు సంగతులు వెంటవెంటనే జరిగాయి. పారామౌంట్ సంస్థ 'ది క్లోవర్‌ఫీల్డ్ పారడాక్స్' సినిమాను నెట్‌ఫ్లిక్స్‌కు అమ్మేసింది. ఫిబ్రవరి 4న సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మ్యాచ్ మధ్యలో ప్రకటన వేసి, మ్యాచ్ అయిపోగానే సినిమా పెట్టేశారు. అదే నెలలో వచ్చిన 'అనైహిలేషన్'కు అమెరికా, కెనడా, చైనాల్లోనే థియేటర్ రిలీజ్ దక్కింది. మిగతా దేశాలవాళ్లకు అమెరికా రిలీజ్ అయిన 17 రోజులకు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అప్పట్లో దీన్ని "స్టూడియోకు నమ్మకం లేని సినిమాను వదిలించుకోవడం" గానే చాలామంది చూశారు.

అసలు మంట రాజుకున్నది 2020 డిసెంబరు 3న. తమ 2021 సినిమాలన్నిటినీ అమెరికాలో థియేటర్లలోనూ, హెచ్‌బీఓ మ్యాక్స్‌లోనూ ఒకే రోజు విడుదల చేస్తామని, ఓటీటీలో 31 రోజులు ఉంచుతామని వార్నర్ బ్రదర్స్ ప్రకటించింది. 'డ్యూన్', 'ది మ్యాట్రిక్స్ రిసరెక్షన్స్', 'గాడ్జిల్లా వర్సెస్ కాంగ్' అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. దర్శకులకు ముందుగా చెప్పలేదు. గొప్ప స్టూడియోకు పనిచేస్తున్నామనుకుని రాత్రి పడుకున్నవాళ్లు, పొద్దున లేచేసరికి అతి చెత్త ఓటీటీకి పనిచేస్తున్నట్టు తెలుసుకున్నారని దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ బాహాటంగానే అన్నారు. తన తర్వాతి సినిమాను వేరే స్టూడియోకు తీసుకెళ్లారు కూడా. 'డ్యూన్' దర్శకుడు డెనీ విల్నెవ్ వారం తిరిగేసరికి పత్రికలో ఘాటుగా వ్యాసం రాశారు. 'డ్యూన్' ఖర్చులో ఎక్కువ భాగం పెట్టింది లెజెండరీ అనే మరో సంస్థ. సొమ్ము ఒకరిది, ఓటీటీకి చందాదారులను తెచ్చుకునే లాభం ఇంకొకరిది అన్నట్టు తయారైంది వ్యవహారం.

మరి 'డ్యూన్' నష్టపోయిందా?

లేదు. బడ్జెట్ సుమారు 16.5 కోట్ల డాలర్లు. 2021 అక్టోబరు 22న అమెరికాలో రెండు చోట్లా ఒకేసారి వచ్చినా, ప్రపంచవ్యాప్తంగా 40 కోట్ల డాలర్లకు పైగా గ్రాస్ వచ్చింది. రిలీజైన నాలుగు రోజులకే రెండో భాగానికి ఓకే చెప్పారు. ఆ తర్వాత ఆరు ఆస్కార్లు కూడా వచ్చాయి.

రెండో భాగం 2024 మార్చి 1న ముందు థియేటర్లకే వెళ్లింది. సుమారు 19 కోట్ల డాలర్లు పెడితే 71 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. థియేటర్ అభిమానులు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి "చూశారా" అంటారు. అంత తేలిగ్గా తేల్చలేం. 2021లో జనం ఇంకా కోవిడ్ భయంతోనే ఉన్నారు. పైగా మొదటి భాగాన్ని ఇంట్లో చూసి ఇష్టపడ్డవాళ్లు కూడా రెండో భాగానికి టికెట్లు కొన్నారు. ఓటీటీ మొదటి భాగం కలెక్షన్లకు గండి కొట్టి ఉండొచ్చు, రెండో భాగానికి ప్రచారమూ చేసి పెట్టింది.

అదే ఏడాది 'గాడ్జిల్లా వర్సెస్ కాంగ్' ఓటీటీలో ఉన్నా దాదాపు 47 కోట్ల డాలర్లు తెచ్చింది. 'ది మ్యాట్రిక్స్ రిసరెక్షన్స్' మాత్రం సుమారు 19 కోట్ల ఖర్చుకు 16 కోట్లు కూడా రాబట్టలేకపోయింది. సినిమా బాగోకపోవడం వల్లా, ఇంట్లో ఉచితంగా దొరకడం వల్లా అన్నది ఎవరి వాదన వాళ్లది. ఆ సినిమాలో భాగస్వామి అయిన విలేజ్ రోడ్‌షో సంస్థ 2022 ఫిబ్రవరిలో వార్నర్ మీద కోర్టుకెక్కింది.

బడ్జెట్‌కు రెట్టింపు వసూలు చేసిన సినిమాను కూడా ఫ్లాప్ అంటారెందుకు?

గ్రాస్ అంటే జనం టికెట్లకు కట్టిన మొత్తం. అందులో థియేటర్ వాటా తీసేయాలి. అమెరికాలో స్టూడియోకు దక్కేది రమారమి సగం. మిగతా దేశాల్లో ఇంకాస్త తక్కువ. చైనాలో విదేశీ సినిమాకు పావు వంతే. బడ్జెట్ అని వార్తల్లో వచ్చే అంకెలో పబ్లిసిటీ ఖర్చు ఉండదు. భారీ సినిమాకు అది కోట్ల డాలర్లలోనే ఉంటుంది.

ఉదాహరణకు ఒక సినిమాకు 20 కోట్లు ఖర్చయ్యాయనుకుందాం. 40 కోట్ల గ్రాస్ వస్తే చేతికి అందేది 18, 20 కోట్లు. పబ్లిసిటీ ఖర్చు ఇంకా బాకీయే. అందుకే బడ్జెట్‌కు రెండున్నర రెట్లు వస్తే బ్రేక్ ఈవెన్ అని ట్రేడ్‌లో ఓ మోటు లెక్క వేస్తారు. 2017లో 'బ్లేడ్ రన్నర్ 2049' 15 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో తీసి, 27 కోట్ల దగ్గర ఆగిపోయింది. ఛాయాగ్రహణానికి, విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్లు వచ్చాయి, పెట్టుబడి మాత్రం రాలేదు.

సైన్స్ ఫిక్షన్‌కు ఈ లెక్క మరీ గట్టిగా తగులుతుంది. ప్రేమకథకు వీధి, ఇల్లు, కాఫీ షాపు ఉన్నవే వాడుకోవచ్చు. ఇక్కడ తలుపు గడియ దగ్గర నుంచి ఆకాశం రంగు దాకా ఎవరో ఒకరు కూర్చుని తయారు చేయాలి. 'ఇంటర్‌స్టెల్లార్' కోసం భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ సమీకరణాలతో కృష్ణబిలాన్ని గీసినప్పుడు కొన్ని ఫ్రేములకు ఒక్కోదానికి 100 గంటల దాకా కంప్యూటర్ సమయం పట్టింది. తెర మీద అది సెకనులో 24వ వంతు ఉంటుంది.

టికెట్లే లేనప్పుడు ఓటీటీ వాళ్లు అంత డబ్బు ఎలా రాబట్టుకుంటారు?

ఒక్కో సినిమాకు విడిగా రాబట్టుకోరు. కొత్త చందాదారులు ఎంతమంది చేరారు, ఉన్నవాళ్లలో ఎంతమంది మానేయకుండా ఉన్నారు అన్నదే వాళ్ల లెక్క. అందుకే నిర్మాతకు ఖర్చు మీద కొంత లాభం కలిపి ముందే ఇచ్చేస్తారు. 2021 జులైలో వచ్చిన 'ది టుమారో వార్' సినిమాను పారామౌంట్ దగ్గర అమెజాన్ సుమారు 20 కోట్ల డాలర్లకు కొనేసిందని వార్తలు వచ్చాయి. స్టూడియోకు ఆ రోజుతో టెన్షన్ తీరిపోయింది.

ఇందులో చిక్కు కూడా ఉంది. సినిమా ఎంత పెద్ద హిట్టయినా ముందు ఒప్పుకున్న దానికి మించి పెద్దగా ఏమీ రాదు. థియేటర్ హిట్‌లో నటులకు, దర్శకులకు వాటా ఉంటుంది. ఆ వాటా పోయిందనే 2021 జులైలో స్కార్లెట్ జోహాన్సన్ 'బ్లాక్ విడో' విషయంలో డిస్నీపై కేసు వేశారు. రెండు నెలల్లో రాజీ కుదిరింది. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేసినప్పుడు కూడా అడిగినవాటిలో ఇది ఒకటి. తొలి 90 రోజుల్లో చందాదారుల్లో 20 శాతం మంది చూసిన మేరకు వ్యూస్ వస్తే బోనస్ ఇవ్వాలని రచయితల ఒప్పందంలో రాసుకున్నారు.

విండో అంటే ఏమిటి? అదెందుకంత ముఖ్యం?

థియేటర్‌లో విడుదలైన రోజుకూ, ఇంట్లో చూసే వీలు కలిగిన రోజుకూ మధ్య ఉండే గడువునే విండో అంటారు. కోవిడ్‌కు ముందు అమెరికాలో ఇది సుమారు మూడు నెలలు. 2020 జులైలో యూనివర్సల్ స్టూడియో, ఏఎంసీ థియేటర్ల సంస్థ దాన్ని 17 రోజులకు కుదించుకున్నాయి. వార్నర్ కూడా ఒక్క ఏడాది ప్రయోగం చేసి, 2022కల్లా 45 రోజుల దగ్గరకు వచ్చేసింది. ఫ్రాన్స్‌లో అయితే ఇది నిబంధనల వ్యవహారం. అక్కడ థియేటర్‌లో ఆడిన సినిమా నెట్‌ఫ్లిక్స్‌కు రావాలంటే 36 నెలలు పట్టేది, 2022లో 15 నెలలకు తగ్గించారు. 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న విడుదలై, ఆగస్టు 22న ఓటీటీలోకి వచ్చింది. అంటే సరిగ్గా ఎనిమిది వారాలు.

ఈ గడువు ఎందుకంత ముఖ్యమో 'అవతార్' చూస్తే తెలుస్తుంది. 2009 డిసెంబరులో అమెరికాలో మొదటి వారాంతానికి వచ్చింది 7.7 కోట్ల డాలర్లు. అప్పటి అంచనాలకు అదేమంత గొప్ప ఓపెనింగ్ కాదు. తర్వాత వారాల తరబడి కలెక్షన్లు తగ్గకుండా నిలబడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా 270 కోట్ల డాలర్లు దాటింది. 1977లో 'స్టార్ వార్స్' తొలిరోజు ఆడింది ముప్పై పైచిలుకు థియేటర్లలోనే. మౌత్ టాక్ పాకడానికి టైం పడుతుంది. చూసొచ్చినవాడు ఆఫీసులో చెప్పాలి, విన్నవాడు వచ్చే ఆదివారానికి ప్లాన్ వేసుకోవాలి. మూడో వారానికే ఓటీటీ తేదీ తెలిసిపోతే ఆ విన్నవాడు ఇంట్లోనే కూర్చుంటాడు.

2022 డిసెంబరు 16న వచ్చిన 'అవతార్: ది వే ఆఫ్ వాటర్'ను డిస్నీ తన ఓటీటీలో 2023 జూన్ 7 దాకా పెట్టలేదు. దాదాపు ఆరు నెలలు. అప్పటికే విండోలు కుదించుకుపోయిన రోజులవి. అయినా పట్టుబట్టి ఆగారు, 230 కోట్ల డాలర్లు దాటించారు. అన్ని సినిమాలకూ ఇది కుదరదు. ప్రతి సినిమాకూ ఆరు నెలలు కావాలంటే నాకు అత్యాశగానే కనిపిస్తుంది. కానీ మూడు వారాలు మరీ అన్యాయం. ఆరు నుంచి ఎనిమిది వారాలుంటే సినిమాకు ఊపిరాడుతుంది, ఇంట్లో చూసేవాళ్లకూ విసుగు రాదు.

మా ఇంట్లో 4కే టీవీ ఉంది. చాలా థియేటర్లలో ఇంకా 2కే ప్రొజెక్టర్లే. అలాంటప్పుడు టీవీయే మేలు కదా?

పిక్సెళ్లు లెక్కపెడితే టీవీదే పైచేయి. 2కే అంటే 2048×1080, టీవీ 4కే అంటే 3840×2160. నిజానికి గ్రాఫిక్స్ ఎక్కువున్న చాలా సినిమాలను 2కేలోనే పూర్తి చేసి, తర్వాత 4కేకు పెంచుతారు. నాలుగు రెట్లు పిక్సెళ్లు తయారు చేయాలంటే ఖర్చూ, సమయమూ పెరుగుతాయి మరి.

తేడా వచ్చేది డేటా కుదింపు (కంప్రెషన్) దగ్గర. థియేటర్‌కు వచ్చే డిజిటల్ కాపీకి సెకనుకు 250 మెగాబిట్ల వరకు అనుమతి ఉంది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి, ఒక్కో ఫ్రేముకు సుమారు 1.3 మెగాబైట్లు. ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ. ఓటీటీలో 4కే సాధారణంగా 15 నుంచి 25 మెగాబిట్ల దగ్గర్లో నడుస్తుంది. 15 అనుకుంటే ఫ్రేముకు 80 కిలోబైట్లు కూడా రావు. ఓటీటీ వాడే పద్ధతి తెలివైనది, ముందు ఫ్రేములో ఉన్నదాన్ని మళ్లీ పంపకుండా మారినదే పంపుతుంది. కాబట్టి ఈ రెండు అంకెలనూ నేరుగా పోల్చకూడదు. అయినా ఇసుక తుఫాను, నీటి తుంపర, పేలుడు తర్వాత గాల్లో తేలే శకలాలు వచ్చినప్పుడు ప్రతి ఫ్రేమూ పూర్తిగా మారిపోతుంది. అక్కడ ఆ తెలివి పనిచేయదు, బొమ్మ అలుక్కుపోయినట్టవుతుంది. సైన్స్ ఫిక్షన్‌లో అలాంటి సీన్లే ఎక్కువ.

ఇక చూపు కోణం. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 4 అడుగులు. 10 అడుగుల దూరంలో సోఫా ఉంటే మీ చూపులో అది 23 డిగ్రీలే ఆక్రమిస్తుంది. సోఫాను 6 అడుగులకు జరిపితే 37 డిగ్రీలు అవుతుంది. ఇంకో టీవీ కొనే ముందు సోఫా జరిపి చూడండి, పైసా ఖర్చు లేదు.

టీవీ నిజంగా నెగ్గే చోటు ఒకటుంది. మామూలు థియేటర్ తెర వెలుగు ప్రమాణం 48 నిట్లు. మంచి హెచ్‌డీఆర్ టీవీ 1000 నిట్ల దాకా వెళ్తుంది. ఓలెడ్ టీవీలో నలుపు నిజంగా నలుపే, చాలా ప్రొజెక్టర్లలో అది ముదురు బూడిద రంగు. బల్బు పాతబడి, తెర మాసిపోయిన థియేటర్‌తో పోలిస్తే మంచి టీవీ ఉన్న చీకటి గది వెయ్యి రెట్లు నయం. "థియేటర్" అనగానే మంచి థియేటర్‌నే ఊహించుకుని వాదించేవాళ్లు ఇది ఒప్పుకోరు.

ఓటీటీలో చీకటి సీన్లు చూస్తుంటే ఆకాశం నిండా చారలు కనిపిస్తాయి. టీవీ పాడైందా?

పాడవ్వలేదు. గ్రహం అంచు వెనక నుంచి సూర్యుడు తొంగిచూసే షాట్ ఒకటి ఊహించుకోండి. వెలుగు నుంచి నలుపుకు నెమ్మదిగా, ఎక్కడ మారిందో తెలియకుండా జారాలి. బిట్‌రేట్ (సెకనుకు వచ్చే డేటా) చాలనప్పుడు దగ్గరదగ్గరగా ఉన్న షేడ్లన్నిటినీ ఒకే షేడ్‌గా కలిపేస్తారు. అప్పుడు ఆ జారుడు మెట్లు మెట్లుగా, వలయాలుగా విడిపోతుంది. దీన్నే బ్యాండింగ్ అంటారు. అంతరిక్షం కథల్లో సగం ఫ్రేము చీకటే కాబట్టి ఇది మిగతా సినిమాల కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఇంటర్నెట్ వేగం పడిపోతే ఇంకా పెరుగుతుంది. 4కే డిస్క్‌లో ఇది చాలా తక్కువ, దాని బిట్‌రేట్ 100 మెగాబిట్లు కూడా దాటగలదు.

డైలాగులు వినపడవు, పేలుళ్లకు ఇల్లు అదిరిపోతుంది. ఏం చేయాలి?

సినిమా శబ్దాన్ని మిక్స్ చేసేది నిశ్శబ్దంగా ఉండే పెద్ద హాలు కోసం. గుసగుసకూ రాకెట్ మోతకూ మధ్య తేడా అక్కడ చాలా ఎక్కువ పెట్టుకోవచ్చు. ఇంట్లో ఫ్యాను మోత, వీధి చప్పుడు గుసగుసను మింగేస్తాయి. దానికి తోడు సన్నటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. ఇంటి కోసం విడిగా మిక్స్ చేసిన సినిమాలూ ఉన్నాయి, అలా చేయనివీ ఉన్నాయి.

మాటలు వచ్చే సెంటర్ స్పీకర్ విడిగా ఉన్న సౌండ్‌బార్ పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది. లేకపోతే సెట్టింగుల్లో నైట్ మోడ్, డైలాగ్ పెంచే ఆప్షన్ వాడండి. సబ్‌టైటిల్స్ పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు. 'ఇంటర్‌స్టెల్లార్', 'టెనెట్' సినిమాల్లో మాటలు సరిగ్గా వినపడలేదన్న ఫిర్యాదు థియేటర్‌లో చూసినవాళ్ల నుంచే వచ్చింది. అది వాటి దర్శకుడు నోలన్ కావాలని చేసిన పని, మీ స్పీకర్ల తప్పు కాదు.

ఐమాక్స్ టికెట్‌కు అంత డబ్బు పెట్టడం దండగా?

సినిమాను బట్టి. ఐమాక్స్ బోర్డు పెట్టిన ప్రతి హాలూ ఒకటి కాదు. 70 ఎంఎం ఫిల్మ్ వేసే హాళ్లలో బొమ్మ దాదాపు చతురస్రంలా, 1.43:1 నిష్పత్తిలో ఉంటుంది. చాలా డిజిటల్ ఐమాక్స్ హాళ్లలో 1.90:1. మామూలు థియేటర్‌లో వెడల్పాటి సినిమాలు 2.39:1. అంటే ఐమాక్స్ కోసం తీసిన సినిమా మామూలు హాలులో చూస్తే పైనా కిందా కొంత బొమ్మ కత్తిరించేస్తారు. 'డ్యూన్' రెండో భాగాన్ని ఐమాక్స్ 70 ఎంఎంలో వేసింది ప్రపంచం మొత్తం మీద 12 హాళ్లలోనే. 'ఇంటర్‌స్టెల్లార్' డిస్క్‌లో ఐమాక్స్ సీన్లు వచ్చినప్పుడు టీవీ తెర నిండుతుంది. 'డ్యూన్' డిస్కుల్లో మాత్రం సినిమా అంతా సన్నటి పట్టీగానే ఉంటుంది. ఆ ఎత్తు చూడాలంటే ఐమాక్స్ హాలుకే పోవాలి.

ఐమాక్స్ కెమెరాలతో తీయని సినిమాను ఐమాక్స్‌లో చూస్తే దక్కేది పెద్ద తెర, మంచి సౌండ్, అంతే. టికెట్ తీసే ముందు అది కనుక్కోండి.

3డీలో చూడాలా?

3డీ కోసమే రెండు కెమెరాలతో తీసినదైతే చూడండి, 'అవతార్' సినిమాలు అలాంటివే. తర్వాత కంప్యూటర్‌లో 3డీకి మార్చినదైతే, ఆ కళ్లద్దాలు తెర వెలుగును తగ్గించేస్తాయి, అసలే చీకటి సీన్లున్న సినిమాకు అది శిక్షే. 'గ్రావిటీ' లాంటి మినహాయింపులు లేకపోలేదు.

నేరుగా ఓటీటీకి తీసిన భారీ సైన్స్ ఫిక్షన్ సినిమాలు చాలావరకు ఎందుకు తేలిపోతాయి?

అన్నీ తేలిపోవు. 2022లో అమెరికా ఓటీటీ హులూలో వచ్చిన 'ప్రే' పద్ధతైన సినిమా, థియేటర్‌లో ఆడవలసింది. కానీ మొత్తం మీద ఈ ఫిర్యాదులో నిజముంది. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ది ఎలక్ట్రిక్ స్టేట్' ఖర్చు సుమారు 32 కోట్ల డాలర్లని వార్తలు వచ్చాయి. విమర్శకులు చీల్చి చెండాడారు.

డబ్బు తక్కువై కాదని ఆ అంకే చెబుతోంది. నాకు తోచిన కారణం ఏమిటంటే, థియేటర్ ప్రేక్షకుడు మధ్యలో లేచిపోడు. టికెట్ కొన్నాడు, కూర్చున్నాడు. దర్శకుడు పది నిమిషాలు మాటల్లేకుండా ఎడారిని చూపించినా భరిస్తాడు, ఆ పది నిమిషాల్లోనే ఆ లోకం అతనికి పట్టుబడుతుంది. ఇంట్లో రిమోట్ చేతిలో ఉంటుంది, ఫోన్ పక్కనే ఉంటుంది. ఆ భయంతో మొదటి ఐదు నిమిషాల్లోనే ఒక పోరాటం, తర్వాత జరిగిందంతా మళ్లీ మాటల్లో చెప్పించడం. కొత్త లోకంలోకి మెల్లగా దింపాల్సిన జానర్‌కు ఆ తొందర సరిపడదు. ఇంకోటి, పరీక్ష లేకపోవడం. శుక్రవారం హాలు ఖాళీగా ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో అందరికీ తెలుస్తుంది. ఓటీటీలో వ్యూస్ అంకె ఏదో ఒకటి వస్తుంది, మొత్తం చూసిన గంటలను సినిమా నిడివితో భాగించి చెప్పే అంకె అది. ఎవరు ఎక్కడ ఆపేశారో బయటికి రాదు.

హులూ కోసం అనుకున్న 'ఏలియన్: రోములస్'ను తర్వాత మనసు మార్చుకుని 2024 ఆగస్టులో థియేటర్లకు పంపారు. 8 కోట్ల డాలర్ల సినిమాకు 35 కోట్లు వచ్చాయి.

థియేటర్‌లో ఆడలేదంటే సినిమా బాగోలేదనేగా?

1982 జూన్ 25న అమెరికాలో ఒకే రోజు రెండు సైన్స్ ఫిక్షన్ సినిమాలు విడుదలయ్యాయి, 'బ్లేడ్ రన్నర్', 'ది థింగ్'. రెండూ ఆడలేదు. రెండు వారాల ముందొచ్చిన 'ఈటీ' హవాలో కొట్టుకుపోయాయి. ఆ తర్వాత క్యాసెట్లలో, టీవీలో చూసి చూసి జనమే వాటిని నిలబెట్టారు. ఈ రోజు ఆ జానర్‌లో ఏ జాబితా వేసినా రెండూ ఉంటాయి. సైన్స్ ఫిక్షన్‌ను ఇల్లు కాపాడిన సందర్భాలు చాలానే ఉన్నాయి, థియేటర్ అభిమానులు అది మర్చిపోకూడదు.

ఓటీటీలో ఉంటే ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఆ ధీమా చాలదా?

చాలదు. 'క్రేటర్' అనే సినిమా ఉంది. చంద్రుడి మీద గని కాలనీలో పెరిగిన పిల్లల కథ. 5 కోట్ల డాలర్లకు పైగా పెట్టి తీశారు. 2023 మే 12న డిస్నీ ప్లస్‌లో వచ్చింది. ఖర్చు తగ్గించుకునే పనిలో భాగంగా జూన్ 30న తీసేశారు. ఏడు వారాలు! థియేటర్‌లో ఆడలేదు, డిస్క్ లేదు. తర్వాత కొన్ని నెలలకు ఆన్‌లైన్‌లో కొనుక్కునే, అద్దెకు తీసుకునే వీలు కల్పించారు కాబట్టి సరిపోయింది. మీకు బాగా నచ్చిన సినిమాకు డిస్క్ దొరికితే కొని పెట్టుకోండి.

ఇంత బడ్జెట్ లేకుండా మంచి సైన్స్ ఫిక్షన్ తీయలేరా?

తీశారు కదా. జపాన్ సినిమా 'గాడ్జిల్లా మైనస్ వన్' ఖర్చు 1.5 కోట్ల డాలర్ల లోపేనని దర్శకుడే చెప్పారు. 35 మంది చిన్న బృందం గ్రాఫిక్స్ చేసింది. 2024లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వాళ్లకే వచ్చింది. దర్శకుడు తకాషి యమజాకియే ఎఫెక్ట్స్ విభాగాన్ని కూడా నడిపించారు, షాట్ చూసి అక్కడికక్కడే సరే, కాదు అని తేల్చేవారు. పెద్ద స్టూడియోల్లో ఒక షాట్ పదిమంది చేతులు మారి, పదిసార్లు మారుతుంది. 2023లో వచ్చిన 'ది క్రియేటర్'ను మామూలుగా ఎవరైనా కొనుక్కోగలిగే సోనీ ఎఫ్ఎక్స్3 కెమెరాతో, 8 కోట్ల డాలర్లలో తీశారు. చూస్తే రెట్టింపు ఖర్చు పెట్టినట్టుంటుంది. ఆడకపోవడం వేరే సంగతి.

పెద్ద నవలలను సినిమా కంటే సిరీస్‌గా తీస్తే మేలు కదా?

కథ వరకు అవును. పాత్రలు, రాజకీయాలు, తరాలు ఎక్కువున్న నవలకు ఎనిమిది గంటలు సరిపోతాయి. అయితే ఆ డబ్బు ఎనిమిది గంటలకూ పంచాలి కాబట్టి, ఒక్కో నిమిషానికి దక్కేది తగ్గుతుంది. మధ్య ఎపిసోడ్లలో మనుషులు గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే ఎందుకు ఎక్కువ ఉంటుందో దాంతో అర్థమవుతుంది.

ఇంట్లోనే చూస్తాను. కనీసం ఏం చూసుకోవాలి?

అన్నిటికంటే ముందు మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య టీవీయే కొత్త ఫ్రేములు కల్పించి చేర్చే సెట్టింగ్) ఆపండి. సినిమాను టీవీ సీరియల్‌లా చేసేది అదే. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది, ట్రూమోషన్ అనో, మోషన్‌ఫ్లో అనో, ఆటో మోషన్ ప్లస్ అనో ఉంటుంది. టామ్ క్రూజ్ 2018లో దీన్ని ఆపేయమని వీడియో పెట్టి మరీ బతిమాలారు. కొత్త టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టుకుంటే చాలు. పవర్ సేవింగ్ తీసేయండి, లేకపోతే చీకటి సీన్లలో ఏమీ కనపడదు. గదిలో లైటు ఆపండి. మీ ప్లాన్‌లో 4కే ఉందో లేదో చూసుకోండి, 4కే టీవీలో హెచ్‌డీ ప్లాన్‌తో చూసేవాళ్లు చాలామంది ఉంటారు. టీవీకి ఇంటర్నెట్ వైఫైతో కంటే నేరుగా కేబుల్‌తో ఇస్తే నయం. ఫోన్ ఇంకో గదిలో పెట్టడం మీ ఇష్టం, పెడితే మాత్రం మిగతా సెట్టింగులన్నిటి కంటే అదే ఎక్కువ తేడా తెస్తుంది.

సరే, ఏ సినిమాకు థియేటర్‌కు వెళ్లాలో ఎలా తేల్చుకోవాలి?

బడ్జెట్ చూసి కాదు. దర్శకుడు మాటల కంటే స్థలాన్ని, శబ్దాన్ని నమ్ముకున్నాడా అన్నది చూడండి. ట్రైలర్‌లో మనిషి చుక్కంత చిన్నగా, ఓడ కొండంత పెద్దగా కనిపిస్తుంటే ఆ కొలత టీవీలో రాదు. 'గ్రావిటీ'లో అంతరిక్షంలో శబ్దం ఆగిపోయినప్పుడు హాలు హాలంతా ఊపిరి బిగబట్టడం ఇంట్లో జరగదు. కథంతా ఒక గదిలో, ఒక ఐడియా చుట్టూ తిరిగే సినిమా అయితే హాయిగా ఆగండి, అలాంటివాటికి ఓటీటీయే సరైన చోటు. ఆ చిన్న, మధ్య తరహా సినిమాలు థియేటర్ల ఖరీదైన పబ్లిసిటీని భరించలేవు, ఓటీటీలు లేకపోతే చాలావరకు తీసేవారే కాదు.

థియేటర్‌లో మిస్సయ్యాను. ఇక అంతేనా?

రీ-రిలీజ్‌లు పెరిగాయి. 2018లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'ని 50 ఏళ్ల సందర్భంగా 70 ఎంఎం ప్రింట్లతో మళ్లీ వేశారు. 'ఇంటర్‌స్టెల్లార్' పదేళ్లుగా డిస్కుల్లో, ఓటీటీల్లో తేలిగ్గా దొరుకుతున్న సినిమా. అయినా 2024 డిసెంబరులో ఐమాక్స్‌లో మళ్లీ విడుదల చేస్తే జనం ఎగబడ్డారు, షోలు పెంచాల్సి వచ్చింది. నచ్చిన పాత సినిమాల వార్షికోత్సవాలు ఎప్పుడొస్తాయో చూసుకుంటూ ఉండండి, ఐమాక్స్ షోలైతే బుకింగ్ తెరిచిన రోజే తీసుకోండి. నేరుగా ఓటీటీకే వచ్చిన సినిమాలకు మాత్రం ఈ ఆశ పెట్టుకోకండి, వాటికి థియేటర్ ప్రింట్ వేసి తిప్పే డిస్ట్రిబ్యూటరే సాధారణంగా ఉండడు.